ఓపికకి వంతులు: క్యాన్సర్ నీరసం మనసుని కూడా పడగొట్టకుండా ఏం చేయాలి

కీమో ఎక్కించుకున్న మనిషి రాత్రి తొమ్మిది గంటలు నిద్రపోయి లేచినా, కోతల రోజున పొద్దంతా చేలో వంగి వచ్చినట్టే ఉంటుంది. తల దువ్వుకోవడానికి చెయ్యెత్తితే సగంలో దింపేసుకోవాలనిపిస్తుంది. మామూలు అలసట పనిని బట్టి వస్తుంది, పడుకుంటే పోతుంది. ఇది ఏ పనీ చెయ్యకపోయినా వస్తుంది, పడుకున్నా పోదు. జబ్బు వల్లా మందుల వల్లా ఒంట్లో పుట్టే లోలోపలి వాపు (ఇన్‌ఫ్లమేషన్), తగ్గిన రక్తం, చెదిరిన నిద్ర, సరిగా దిగని తిండి, నొప్పి, దిగులు కలిసి చేసే పని ఇది. సోమరితనం ఇందులో ఎక్కడా లేదు.

ఈ నీరసం మీద మనసు ఇంకో నీరసం పేరుస్తుంది. "నిన్న కాస్త తిరిగాను కదా, ఇవాళేంటి ఇలా", "అత్తగారు గిన్నెలు తోముతుంటే నేను మంచం మీద", "మందు పని చెయ్యట్లేదేమో". ఈ లెక్కలు వేసుకుంటూ పడుకున్న గంట విశ్రాంతి కిందకి రాదు, లేచేసరికి ఇంకా బరువుగా ఉంటుంది. ఒంటి నీరసాన్ని పూర్తిగా తీసేసే మాత్ర ఇప్పటికైతే లేదు. మనసు పేర్చినదాన్ని మాత్రం బాగా తగ్గించుకోవచ్చు. దానికి రెండు దారులు కలిపి వాడతారు. ఒకటి యాక్సెప్టెన్స్ అండ్ కమిట్‌మెంట్ థెరపీ, పొట్టిగా యాక్ట్. 1980లలో అమెరికాలో స్టీవెన్ హేస్ అనే మనస్తత్వవేత్త, ఆయన తోటివాళ్ళు దానికి రూపమిచ్చారు. రెండోది మైండ్‌ఫుల్‌నెస్. 1979లో జాన్ కబట్-జిన్ మసాచుసెట్స్ వైద్య కళాశాలలో తగ్గని నొప్పులున్నవాళ్ళకి ఎనిమిది వారాల శిక్షణగా దాన్ని మొదలుపెట్టారు. తెలుగులో దానికి ఎరుక అన్న మాట చాలు. అమెరికా సరుకు మనకెందుకు అనేవాళ్ళు కోనసీమలో ఆదుర్రు బౌద్ధ స్తూపం ఉందని గుర్తుచేసుకోవాలి. ఈ ఎరుక మూలాలు బౌద్ధంలోవే.

ముందు డాక్టరు చూడాల్సినవి

మనసు పని మొదలుపెట్టే ముందు, సరిచేయగల కారణాలు ఏమైనా ఉన్నాయేమో తేల్చుకోవాలి. హిమోగ్లోబిన్ బాగా పడిపోయిన మనిషిని కళ్ళు మూసుకుని ఊపిరి గమనించమనడం అన్యాయం. వచ్చే రివ్యూలో "నీరసంగా ఉందండి" అని ఊరుకోకుండా ఇవి అడగండి: రక్తం ఎంత ఉంది, థైరాయిడ్ చూశారా, షుగరు, సోడియం, బి12 ఎలా ఉన్నాయి, నొప్పికీ వాంతికీ ఇచ్చిన మందుల్లో మత్తుగా ఉంచేవి ఏవి, వాటి వేళలు మార్చవచ్చా. ఎవరో చెప్పారని ఐరన్ మాత్రలు, ఆకు పసరులు సొంతంగా మొదలుపెట్టొద్దు. కొన్ని పసరులు కీమో మందు ఒంట్లో కరిగే తీరుని మార్చేస్తాయి.

కీమో నడుస్తుండగా జ్వరం 100.4 ఫారన్‌హీట్ గానీ అంతకంటే ఎక్కువ గానీ ఉంటే నీరసం అని పడుకోవద్దు. పారాసెట్‌మాల్ వేసుకుని తెల్లారేదాకా చూద్దాం అనుకోవద్దు. ఆ రాత్రే ఆసుపత్రికి ఫోన్ చేసి బయల్దేరాలి. కూర్చున్నా ఆయాసం రావడం, గుండెలో నొప్పి, మాట తడబడటం, రక్తస్రావం, ఒక్కరోజులో మంచం దిగలేనంతగా పడిపోవడం కూడా అంతే.

ఇంకో తేడా తెలుసుకోవాలి. నీరసంలో ఆశ ఉంటుంది, ఒళ్ళు సహకరించదు. మనవడితో ఆడుకోవాలని ఉంటుంది, లేవలేరు. మనవడు వచ్చినా రాకపోయినా ఒకటేలే అనిపించడం, ఏదీ రుచించకపోవడం రెండు వారాలు దాటితే అది డిప్రెషన్ కావచ్చు, దానికి వేరే వైద్యం ఉంది. చచ్చిపోతే బాగుండు అన్న తలపు వస్తుంటే ఇంట్లో ఒకరికి ఆ రోజే చెప్పండి. ప్రభుత్వ మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్ 14416కి ఫోన్ చేస్తే టెలి మానస్‌వాళ్ళు తెలుగులోనే మాట్లాడతారు, డబ్బు కట్టక్కర్లేదు.

ఒక వారం పుస్తకం రాయండి

పిల్లల పాత నోటు పుస్తకం చాలు. పొద్దున ఏడింటికి, మధ్యాహ్నం ఒంటిగంటకి, రాత్రి ఏడింటికి మూడు సంగతులు రాయాలి: నీరసం 0 నుంచి 10లో ఎంత, అంతకు ముందు చేసిందేమిటి, ఆ వేళ మనసు అన్న మాట ఏమిటి. మూడు దాకా తేలిక, నాలుగు నుంచి ఆరు మధ్యస్థం, ఏడు, ఆపైన తీవ్రం. అంకెలు నచ్చని పెద్దవాళ్ళని "ఇవాళ ఓపిక రూపాయిలో ఎంతమ్మా?" అని అడగండి. పావలా అనో ముప్పావలా అనో ఠక్కున చెప్తారు. అదే రాయండి. పేజీ మీద కీమో అయ్యి ఎన్నో రోజో వేయడం మరిచిపోవద్దు.

ఈ చివరిది ఎందుకంటే నీరసానికి ఒక క్యాలెండరు ఉంది. కీమోలో సాధారణంగా ఎక్కించిన మొదటి కొన్ని రోజులు ఎక్కువగా ఉండి, తర్వాతి డోసు దగ్గరపడేసరికి కొంత తేలికపడుతుంది. కరెంటు (రేడియేషన్) పెట్టించుకునేవాళ్ళకి తిరకాసు వేరు. మొదటి వారం బాగానే తిరుగుతారు, వారాలు గడిచేకొద్దీ నీరసం పెరుగుతుంది, ఆఖరి కరెంటు అయిపోయాక కూడా కొన్ని వారాలు ఉంటుంది. ఇది తెలియకే చాలామంది వైద్యం పూర్తయిన నెలలో ఎక్కువ భయపడతారు. అంతా అయిపోయింది కదా, ఇంకా ఇలా ఉందంటే జబ్బు తిరగబెట్టిందేమో అని. మీ పుస్తకంలో రెండు డోసుల లెక్క పక్కపక్కన పెట్టి చూస్తే ఆ భయం సగం దిగుతుంది.

ఒప్పుకోవడం అంటే ఏది, ఏది కాదు

యాక్ట్‌లో మొదటి మాట యాక్సెప్టెన్స్. దీన్ని తెలుగులో "సరిపెట్టుకో", "రాసిపెట్టి ఉంది" అని చెప్తే పని చెడిపోతుంది. వైద్యం మానుకోమని కాదు, ఓడిపోమనీ కాదు. ఈ గంటలో ఒంట్లో ఇంతే సత్తువ ఉందన్న నిజంతో పోట్లాట ఆపడం, అంతే. జబ్బు మీద యుద్ధం మందులు చేస్తాయి. నీరసం మీద మీరు యుద్ధం చేస్తే ఖర్చయ్యేది ఉన్న కాస్త ఓపికే. "ధైర్యంగా ఉండాలి, నవ్వుతూ ఉండాలి" అని ఇరవై నాలుగు గంటలూ చెప్పేవాళ్ళు తెలియకుండానే ఇంకో బరువు పెడుతున్నారు.

చేసే పద్ధతి ఇది. నీరసం కమ్ముకుంటున్నప్పుడు ఉన్నచోటే ఉండి, అది ఒంట్లో ఎక్కడ ఉందో వెతకండి. తొడల్లోనా, కళ్ళ వెనకా, భుజాల మీదా? దాని అంచులు ఎక్కడిదాకా ఉన్నాయి? తడి బస్తాలా ఉందా, లోపల ఖాళీగా ఉందా? మూడు ఊపిర్లు ఆ చోటి చుట్టూ పోతున్నట్టు అనుకోండి. తర్వాత మనసులో ఇలా చెప్పుకోండి: "ఇది ఇక్కడ ఉంది. నాకు నచ్చలేదు. నచ్చకపోయినా ఉండనిస్తాను." మధ్యలో ఉన్న "నాకు నచ్చలేదు" తీసెయ్యకండి. నచ్చినట్టు నటిస్తే మనసు నమ్మదు. మొత్తం రెండు నిమిషాలు. రోజుకి మూడుసార్లు, పుస్తకం రాసే వేళల్లోనే చేస్తే గుర్తుంటుంది.

ఇక్కడ అందరూ చేసే పొరపాటు ఒకటుంది. నాలుగు రోజులు చేసి "చేశానండి, నీరసం తగ్గలేదు" అంటారు. తగ్గించడానికి చేస్తే అది కూడా పోట్లాటే, మారువేషంలో వచ్చింది. తగ్గిందా అని చూడకండి. నీరసంగా ఉన్నప్పుడు మిమ్మల్ని మీరు తిట్టుకున్న మాటలు పుస్తకంలో తగ్గాయేమో చూడండి.

మాటల్ని గుర్రపు డెక్క మీద పెట్టడం

పుస్తకంలో మూడో వరసలో రాసిన మనసు మాటల్లో తరచుగా వచ్చేవి రెండో మూడో ఉంటాయి. "నేను దేనికీ పనికిరాను" అనేది చాలా ఇళ్ళలో మొదటిది. దాన్ని మూడు మెట్లలో చెప్పి చూడండి. మొదట "నేను దేనికీ పనికిరాను." తర్వాత "నేను దేనికీ పనికిరానన్న ఆలోచన వచ్చింది." ఆ తర్వాత "నేను దేనికీ పనికిరానన్న ఆలోచన వచ్చిందని గమనిస్తున్నాను." మాట అదే, మీకూ దానికీ మధ్య జానెడు చోటు వస్తుంది. అది నిజమా అబద్ధమా అని వాదించక్కర్లేదు. వాదిస్తే మనసు పాత లెక్కలన్నీ తవ్వి తెస్తుంది.

రెండో సాధన. గోదావరి డెల్టాలో పెరిగినవాళ్ళు కాలువ మీద గుర్రపు డెక్క గుత్తులు తేలిపోతుండటం చూడనివాళ్ళుండరు. కళ్ళు మూసుకుని వంతెన మీద నిలబడినట్టు ఊహించుకోండి. వచ్చిన ప్రతి ఆలోచననీ ఒక గుత్తి మీద పెట్టండి. "రేపు బిల్లు ఎంతవుతుందో" ఒక గుత్తి మీద. "అమ్మాయి పెళ్ళి చూస్తానా" ఇంకో గుత్తి మీద. "ఇదేం పిచ్చి పనో" అన్నది కూడా ఒక గుత్తే. తొయ్యొద్దు, ఆపొద్దు. ఐదు నిమిషాలు చాలు. కొన్ని గుత్తులు లాకు దగ్గర డెక్క పేరుకున్నట్టు అక్కడే ఆగిపోతాయి. ఆగనివ్వండి, ఆగిందని చూడటమే పని. మీరే నీళ్ళలోకి దిగిపోయి ఆ ఆలోచనతో కొట్టుకుపోతారు కూడా. గుర్తొచ్చిన క్షణాన మళ్ళీ వంతెన ఎక్కడమే. అలా ఇరవైసార్లు ఎక్కితే ఇరవైసార్లు సాధన చేసినట్టు.

ఒంటి మీద ఎరుక, పడుకునే

మంచం మీద వెల్లకిలా పడుకుని, మోకాళ్ళ కింద దిండు పెట్టుకోండి. ఎడమ కాలి బొటనవేలు దగ్గర మొదలుపెట్టి పాదం, పిక్క, మోకాలు, తొడ, తర్వాత కుడికాలు, నడుము, పొట్ట, ఛాతీ, చేతులు, మెడ, ముఖం వరుసగా ఒక్కోచోట నాలుగైదు ఊపిర్లు ఆగుతూ పైకి రండి. అక్కడ ఏం తెలుస్తోందో చూడడమే: వేడి, చల్లదనం, తిమ్మిరి, దుప్పటి తగలడం, ఏమీ తెలియకపోవడం. పది, పన్నెండు నిమిషాలు పడుతుంది. మొదటి వారం పాదాల నుంచి మోకాళ్ళ దాకా చేసినా చాలు.

చెడేది ఎక్కడంటే, మొదట నిద్ర. సగంలో గుర్రు పెడతారు. తప్పేం లేదు, కానీ సాయంత్రం చేస్తే రాత్రి నిద్ర పట్టదు కాబట్టి పొద్దున పదింటి లోపు చేయండి, ఇంకా నిద్రొస్తే కుర్చీలో చేయండి. రెండోది, ఆపరేషన్ చేసిన చోటుకి, తీసేసిన రొమ్ము దగ్గరకి వచ్చేసరికి గుండె దడ. ఆ చోటు దాటేసి ముందుకి పోవచ్చు, ఎవరూ మార్కులు వేయరు. మూడోది, ఊపిరితిత్తుల జబ్బున్నవాళ్ళకి ఊపిరి మీద దృష్టి పెడితే ఊపిరాడనట్టు అనిపిస్తుంది. వాళ్ళు ఊపిరి వదిలేసి అరిపాదాలు నేలకి తగలడం మీదో, శబ్దాల మీదో దృష్టి పెట్టాలి. ఫ్యాను, కాకి, రోడ్డు మీద ఆటో, దూరంగా వరికోత మిషను. కళ్ళు మూస్తే పాత భయాలు ముసురుకునేవాళ్ళు కళ్ళు తెరిచే చేయాలి.

తినేటప్పుడు చేసేది ఇంకో రకం. మామూలుగా దీన్ని ఎండుద్రాక్షతో నేర్పిస్తారు. మన దగ్గర ఆత్రేయపురం పూతరేకు ఉండగా ద్రాక్ష దేనికి. షుగరు లేనివాళ్ళు, నోట్లో పుళ్ళు లేనప్పుడు, ఒక చిన్న ముక్క తీసుకుని వెలుగుకి ఎత్తి చూడండి, వేలికి పొర తగిలే తీరు చూడండి, నాలిక మీద పెట్టి నమలకుండా అది కరిగేదాకా ఉండండి. కీమో వల్ల ఇనుము రుచి వస్తే, ఆ ఇనుము రుచినే గమనించండి. ఇష్టమైనది ఇష్టంగా లేకపోవడం కూడా ఎరుకలోకి వచ్చేదే, కళ్ళమ్మట నీళ్ళొస్తే రానివ్వండి.

ఓపికని వంతులేసుకోవడం

ధవళేశ్వరం ఆనకట్ట దగ్గర నీరు తక్కువున్న ఏడు దాళ్వాకి (రెండో పంటకి) కాలువ నీళ్ళు వంతులేసి వదులుతారు. వంతు వచ్చిన రోజున ఎగువవాళ్ళు తూములన్నీ తెరిచేస్తే శివారు చేలు ఎండిపోతాయి. మీ రోజుకి శివారు సాయంత్రం. పొద్దున కాస్త తేలిగ్గా ఉందని అటక మీద సామానంతా దింపి సర్దితే సాయంత్రమే కాదు, తర్వాతి మూడు రోజులూ ఎండిపోతాయి. నీరసంలో మనసు బాగా దెబ్బతినేది ఆ మూడు రోజుల్లోనే.

కాబట్టి పనిని పని అయ్యేదాకా చెయ్యొద్దు, గడియారం చూసి చెయ్యండి. లెక్క ఇలా కట్టండి. పుస్తకంలో ఒక వారం చూసి, నడక గానీ వంట గానీ ఏకబిగిన ఎన్ని నిమిషాలు చేశారో తీయండి. మంచి రోజున 30, మధ్య రోజున 15, చెడ్డ రోజున 6 అనుకుందాం. సగటు 17. అందులో ఐదో వంతు తగ్గించి 13, 14 నిమిషాలతో మొదలుపెట్టండి. మంచి రోజైనా అంతే, అలారం మోగితే ఆపాలి. ఇంకా చేయగలను అనిపిస్తుండగానే ఆపడం అందరికీ కష్టం, కానీ ఈ పద్ధతికి ఆయువుపట్టు అదే. అలసిపోయాక విశ్రాంతి కాదు, అలసిపోయే ముందు విశ్రాంతి. వారం నిలబడితే రెండు నిమిషాలు పెంచండి.

నడక మానొద్దు. వినడానికి విడ్డూరంగా ఉన్నా ఈ నీరసానికి ఎక్కువ ఆధారాలున్న మందు మెల్లని వ్యాయామమే. 2024లో అమెరికా క్యాన్సర్ వైద్యుల సంఘం ఇచ్చిన సూచనల్లో కూడా వ్యాయామం, ఆలోచనల తీరు మార్చే కౌన్సెలింగ్, మైండ్‌ఫుల్‌నెస్ ఉన్నాయి. ఐదు నిమిషాలు పొద్దున, ఐదు నిమిషాలు సాయంత్రం, ఇంటి ముందు రోడ్డు మీదో కాలువ గట్టు మీదో. ఎండాకాలంలో మన ఉక్కకి ఏడు లోపే ముగించాలి. తెల్లకణాలు తగ్గిన రోజుల్లో చెప్పుల్లేకుండా బురదలో, చెరువులో దిగొద్దు. ప్లేట్లెట్లు తగ్గినా, ఎముకలకి జబ్బు పాకినా, కళ్ళు తిరుగుతున్నా ముందు డాక్టరుని అడగాలి. పగటి నిద్ర మూడింటి లోపు, అరగంట మించకుండా.

రాజమండ్రికో కాకినాడకో వైజాగుకో ఆసుపత్రికి వెళ్ళొచ్చే రోజుకి రెండు వైపులా ఒక్కోరోజు ఖాళీ ఉంచండి. బస్సు ప్రయాణం, లైన్లో నిలబడటం, స్కానింగు రిపోర్టు కోసం ఎదురుచూడటం, ఈ మూడూ ఓపిక తాగేస్తాయి. రిపోర్టు భయమైతే నడక కంటే ఎక్కువ తాగుతుంది.

ఆ కాస్త నీళ్ళు ఏ చేనుకి

వంతులు వేసుకున్నాక మిగిలే ప్రశ్న ఇది, యాక్ట్‌లో కమిట్‌మెంట్ అన్న మాట దీనికోసమే. పనుల జాబితా కాకుండా, మీకు ముఖ్యమైనవి రాయండి. పని పూర్తయిపోతుంది, ముఖ్యమైనది పూర్తవదు. "ఆవకాయ పెట్టాలి" అనేది పని. "నా చేతి రుచి పిల్లలకి అందాలి" అనేది దాని వెనకున్నది. పని చేయలేకపోయినా వెనకున్నదానికి ఎప్పుడూ ఒక చిన్న దారి ఉంటుంది. ముక్కలు కొట్టడం వేరేవాళ్ళు చేస్తారు, మీరు కుర్చీలో కూర్చుని కారం, ఉప్పు, ఆవపిండి కొలత చెప్తారు. కోడలు ఫోన్లో రికార్డు చేసుకుంటుంది.

ముఖ్యమైన ఒక్కోదానికీ మూడు సైజులు రాసిపెట్టుకోండి. చేనంటే ప్రాణమైన రైతుకి: ఓపిక ముప్పావలా ఉన్న రోజున కొడుకు బండి మీద గట్టు దాకా వెళ్ళి పది నిమిషాలు కూర్చోవడం, అర్ధ రూపాయి రోజున కౌలుదారుని అరుగు మీదకి పిలిచి మాట్లాడడం, పావలా రోజున ఫోన్లో చేను వీడియో చూడడం. భక్తి ఉన్నవాళ్ళకి: వాడపల్లి వెంకన్న గుడికి ఏడు శనివారాలు వస్తామని మొక్కుకుని వెళ్ళలేకపోతే, గుమ్మంలో దీపం, అదీ కుదరని రోజున మంచం మీద నుంచే ఒక నామం. ఆదివారం చర్చికి వెళ్ళేవాళ్ళకీ ఇలాగే లెక్క. పావలా సైజు చేసిన రోజున "ఇదీ ఒక పనేనా" అని మనసు అంటుంది. అది గుర్రపు డెక్క గుత్తి. చేయడం అయ్యాకే పుస్తకంలో టిక్కు పెట్టండి.

ముఖ్యమైనవి మూడో నాలుగో ఎంచుకోవడానికి ఇబ్బందైతే ఇలా అడగండి: నీరసం మరో ఆరు నెలలు ఇలాగే ఉంటుందనుకుంటే, ఎవరికి ఏమై ఉండాలని ఉంది? వచ్చిన మొదటి జవాబు చాలు.

పలకరింపులు, మర్యాదలు

గోదావరి జిల్లాల్లో ఓపిక తూము ఎక్కువగా కారేది ఇక్కడ. ఎవరొచ్చినా లేచి కూర్చుని, కాఫీ ఇచ్చి, గేటు దాకా సాగనంపకపోతే మనసొప్పదు. జబ్బు మనిషి అయినా సరే. ముందే ఇంట్లో ఒకరిని పెట్టి ఈ మాట చెప్పించండి: "రండండీ, పావుగంట మాట్లాడండి, ఆ తర్వాత అమ్మ పడుకోవాలని డాక్టరు గారు చెప్పారు, ఏమీ అనుకోకండి." డాక్టరు పేరు చెప్తే మనవాళ్ళు నొచ్చుకోరు. పడుకునే మాట్లాడండి. మంచినీళ్ళైనా ఇవ్వలేకపోయానన్న బాధ వస్తే దాన్ని తరమొద్దు, అది మీకు మనుషులు ముఖ్యమని చెప్తోంది. పైన చెప్పిన రెండు నిమిషాల సాధనకి అదే మంచి సమయం.

ఇంట్లోవాళ్ళకి: "అలా పడుకుంటే ఎలా", "పక్కూరు ఆవిడ కీమో అవుతూనే వంట చేసేది" అనొద్దు. "ఇవాళ ఎంత, పావలానా అర్ధా?" అని అడగండి, చెప్పిన అంకెని బేరమాడకుండా నమ్మండి. అన్ని పనులూ లాగేసుకోవద్దు. కూర తరగడమో, పిల్లాడి హోంవర్కు చూడడమో ఏదో ఒకటి వాళ్ళదిగా ఉంచి, వాళ్ళు చేసేదాకా వదిలెయ్యండి, ఆలస్యమైనా సరే. చూసుకునేవాళ్ళు కూడా అలసిపోతారు, ఆ రెండు నిమిషాల సాధన వాళ్ళకీ పనికొస్తుంది.

ఎనిమిది వారాలయ్యాక మొదటి వారం పేజీలూ చివరి వారం పేజీలూ పక్కన పెట్టి చూడండి. అంకె అంతే ఉండి, టిక్కులు పెరిగితే పద్ధతి పనిచేస్తున్నట్టే. అంకె ఏడు, ఆపైనే ఉండి, టిక్కులు కూడా లేకపోతే ఒంటరిగా నెట్టుకురావద్దు. ఆసుపత్రిలో సైకాలజిస్టుని గానీ, నొప్పి ఉపశమన విభాగాన్ని గానీ చూపించమని అడగండి. రివ్యూకి వెళ్ళేటప్పుడు ఆ నోటు పుస్తకం రిపోర్టుల ఫైల్లోనే పెట్టండి. డాక్టరు గారికి ఉండే ఐదు నిమిషాల్లో "ఎలా ఉంది" అన్నదానికి జవాబు వెతుక్కోకుండా, ఏడు, ఆపైన ఉన్న రోజుల పేజీ తెరిచి చూపించవచ్చు.